రోడ్డు మీద హీరో.. ట్రాక్ మీద జీరో! తొలిసారి రేస్ కారు ఎక్కితే అసలేం జరుగుతుంది?

2025 జనవరి 7. దుబాయ్ ఆటోడ్రోమ్. ప్రాక్టీస్‌లో దూసుకెళ్తున్న ఓ పోర్షే కారు ఉన్నట్టుండి అదుపు తప్పింది. పక్కనున్న బ్యారియర్‌ని గుద్దుకుని బొంగరంలా గిర్రున తిరిగి ఆగిపోయింది. కాసేపటికే ఆ వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. కారణం.. ఆ కారు నడుపుతున్నది తమిళ స్టార్ హీరో అజిత్ కుమార్. కారు ముందుభాగం నుజ్జయింది కానీ ఆయనకు మాత్రం ఏమీ కాలేదు. దిగి నడుచుకుంటూ బయటికొచ్చారు. అంతేకాదు.. ఆ వారం చివర్లో అదే ట్రాక్‌పై జరిగిన 24 గంటల రేసులో ఆయన టీమ్ పోర్షే 992 విభాగంలో మూడో స్థానంలో నిలిచింది.

ఆ వీడియో చూసిన చాలామందికి వచ్చిన డౌట్ ఒక్కటే. 50 దాటిన సినిమా హీరోకి ఈ రేసులెందుకు? ఇంకొందరికి వచ్చిన డౌట్ వేరు. నేనూ కారు బాగానే తోల్తాను కదా.. ట్రాక్ మీదకెళ్తే నేనూ అలా నడపగలనా?

ఈ రెండో ప్రశ్నకి సమాధానం కాస్త చేదుగానే ఉంటుంది. రోడ్డు మీద పదేళ్లు కారు నడిపిన అనుభవం ట్రాక్ మీద మొదటి పది నిమిషాల్లోనే అక్కరకు రాకుండా పోతుంది. ఎందుకంటే రోడ్డు మీద చాలామందికి డ్రైవింగ్ అంటే యాక్సిలరేటర్. ట్రాక్ నేర్పే మొదటి పాఠం మాత్రం బ్రేక్.

అజిత్ ఎక్కడ మొదలుపెట్టారు?

సికింద్రాబాద్‌లో పుట్టి, 'ప్రేమ పుస్తకం' అనే తెలుగు సినిమాలోనూ హీరోగా చేసిన అజిత్‌కి రేసింగ్ పిచ్చి ఇవాళ్టిది కాదు. కుర్రతనంలో బైక్ రేసులు.. తర్వాత కార్లు. 2002లో ఫార్ములా మారుతి ఇండియన్ ఛాంపియన్‌షిప్‌లో దిగి నాలుగో స్థానంలో నిలిచారు. అప్పటికే ఆయన పెద్ద స్టార్. వయసు 30 దాటింది.

ఫార్ములా మారుతి అంటే ఏదో విదేశీ కారు అనుకునేరు. మన మారుతి 800 ఇంజిన్‌నే తీసుకుని, ఒక్కరే కూర్చునేలా, చక్రాలు బయటికి కనిపించేలా చేసిన బుల్లి రేస్ కారు అది. కోయంబత్తూరుకి చెందిన ఎస్.కరివర్ధన్ దీన్ని తయారుచేశారు. ఇండియాలో సామాన్యుడికి కూడా రేసింగ్ అందాలనే ఆలోచనతో ఆయన వేసిన అడుగు అది. 1995లో విమాన ప్రమాదంలో ఆయన చనిపోయారు. ఆయన పేరు మీదే ఇప్పుడు కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. ఎంతోమంది భారతీయ రేసర్లు ఓనమాలు దిద్దింది ఇలాంటి మారుతి ఇంజిన్ కార్లతోనే.

2003లో అజిత్ ఫార్ములా బీఎండబ్ల్యూ ఆసియాకి వెళ్లారు. ఆ సిరీసే కుర్రాళ్ల కోసం పెట్టింది. పక్క కార్లలో ఉన్నవాళ్లలో చాలామంది చిన్నప్పటి నుంచి గో-కార్టింగ్ చేస్తూ వచ్చిన టీనేజర్లు. వాళ్ల మధ్యలో 32 ఏళ్ల హీరో. సినిమాల్లో ఆయనకి తిరుగులేదు. కానీ స్టాప్‌వాచ్‌కి స్టార్‌డమ్ తెలీదు కదా! సీజన్ చివరికి ఆయన స్థానం 12. మళ్లీ 2010లో ఫార్ములా 2లో కొన్ని రేసులు చేసినా పాయింట్లు దక్కలేదు. మధ్యలో సినిమాలు, ప్రమాదాల్లో తగిలిన దెబ్బలు, వెన్నుకి ఆపరేషన్లు. అయినా వదల్లేదు.

ఇలా ఆలస్యంగా మొదలుపెట్టిన హీరో ఆయన ఒక్కరే కాదు. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ 1969లో వచ్చిన 'విన్నింగ్' అనే రేసింగ్ సినిమా కోసం డ్రైవింగ్ ట్రైనింగ్ తీసుకున్నారు. అక్కడే పిచ్చి పట్టుకుంది. 1972లో, అంటే 47 ఏళ్ల వయసులో, పోటీల్లోకి దిగారు. హడావుడి లేకుండా ఎంట్రీ లిస్టులో పేరు 'పి.ఎల్. న్యూమన్' అని రాయించుకునేవారు. ఏడేళ్ల తర్వాత, 1979లో లె మాన్స్ 24 గంటల రేసులో ఆయన ఉన్న పోర్షే రెండో స్థానంలో నిలిచింది. 1995లో డేటోనా 24 గంటల రేసులో తన విభాగంలో గెలిచిన టీమ్‌లోనూ ఉన్నారు. అప్పుడాయన వయసు 70.

ఇలాంటివాళ్లని రేసింగ్ ప్రపంచంలో 'జెంటిల్‌మన్ డ్రైవర్లు' అంటారు. అంటే రేసింగ్ వాళ్ల బతుకుతెరువు కాదు, ఇష్టం. పెద్ద ఎండ్యూరెన్స్ రేసుల్లో డ్రైవర్లని ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని నాలుగు రకాలుగా విడదీస్తారు. అమెచ్యూర్లలో ఎక్కువమంది ఉండేది బ్రాంజ్‌లోనే.

మొదటి షాక్: బ్రేక్ కొట్టడం రాదు!

మన దేశంలో కార్ రేసులకి ప్రధానంగా మూడు ట్రాకులున్నాయి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. బుద్ధ్‌లోనే 2011 నుంచి 2013 వరకు ఫార్ములా వన్ జరిగింది. మూడుసార్లూ సెబాస్టియన్ వెటెలే గెలిచారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం ఎక్కువగా చెన్నైకో, కోయంబత్తూరుకో వెళ్తుంటారు. చెన్నై ట్రాక్ ఒక ల్యాప్ 3.7 కిలోమీటర్లు. 12 మలుపులు.

ట్రైనింగ్ స్కూల్లో మొదటిరోజు అందరూ ఎదురుచూసేది స్పీడ్ కోసం. ఇన్‌స్ట్రక్టర్ మాత్రం బ్రేక్‌తో మొదలుపెడతాడు. ఇందులో నేర్చుకోవడానికి ఏముంది అనిపిస్తుంది. తొలి మలుపు దగ్గరే తెలిసొస్తుంది.

రోడ్డు మీద బ్రేక్ ఎలా వేస్తాం? ముందు మెల్లగా, ఆపైన గట్టిగా. పక్కన కూర్చున్నవాళ్లు ముందుకి తూలకుండా ఉండాలి కదా. ట్రాక్ మీద దీనికి పూర్తిగా రివర్స్. తిన్నటి దారి చివర ఒక్కసారిగా గట్టిగా తొక్కాలి. మలుపు దగ్గరికి వచ్చేకొద్దీ పాదం నెమ్మదిగా తేల్చాలి. బ్రేక్ పడగానే కారు బరువంతా ముందు టైర్ల మీదకి వస్తుంది. ఆ బరువు ఉన్నప్పుడే ముందు చక్రాలు రోడ్డుని గట్టిగా పట్టుకుంటాయి, స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది. పాదం టక్కున తీసేస్తే బరువు వెనక్కి పోతుంది, కారు తిరగనని మొండికేస్తుంది. ఇక మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేశారనుకోండి.. వెనక టైర్ల పట్టు జారిపోయి కారు తోక తిప్పేస్తుంది. కొత్తవాళ్లు స్పిన్ అయ్యే సందర్భాల్లో ఇది చాలా కామన్.

దీన్ని సింపుల్‌గా చెప్పాలంటే.. టైరు పట్టు అనేది నెల జీతం లాంటిది. ఒక్కో టైరు నేలకి ఆనేది అరచేయంత జాగా మాత్రమే. ఆ కాస్త పట్టునే బ్రేక్‌కీ, మలుపుకీ, స్పీడ్‌కీ పంచుకోవాలి. మొత్తం బ్రేక్‌కే ఖర్చుపెట్టేస్తే మలుపుకి చేతిలో పైసా మిగలదు. స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిన్నగా గడ్డిలోకి పోతుంది. ఈ లెక్క సరిగ్గా చూసుకునేవాడే ఫాస్ట్ డ్రైవర్.

రెండో షాక్: చూపు ఎక్కడ పెట్టాలో తెలీదు

చిన్నప్పుడు సైకిల్ నేర్చుకున్న రోజులు గుర్తున్నాయా? దారి మధ్యలో ఒక్క రాయి ఉంటుంది. దాన్ని గుద్దకూడదు, గుద్దకూడదు అనుకుంటూ దాన్నే చూస్తాం. సరిగ్గా దాని మీదకే పోతాం! రేస్ ట్రాక్ మీద కూడా అదే జరుగుతుంది. కాకపోతే రాయి బదులు గోడ ఉంటుంది.

కొత్తవాళ్ల కళ్లు కారు ముక్కుకి పది, పదిహేను మీటర్ల ముందే ఆగిపోతాయి. గంటకి 120 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 33 మీటర్లు పోతుంది. అంటే వాళ్లు చూస్తున్నది అరసెకను తర్వాత దాటేసే చోటుని. అప్పటికి చేయడానికి ఏమీ ఉండదు. అందుకే ఇన్‌స్ట్రక్టర్లు అరిచి అరిచి చెప్పేది ఒక్కటే.. చూపు పైకి, దూరానికి! బ్రేక్ వేసే చోటికి రాకముందే కళ్లు మలుపు లోపలి అంచు మీద ఉండాలి. అక్కడికి చేరేలోపే బయటపడే దారి మీదకి వెళ్లిపోవాలి. చూపు ముందు, చేతులు వెనక.

'రేసింగ్ లైన్' అనే మాట ఇక్కడే వస్తుంది. మలుపుకి బయటి అంచు నుంచి వచ్చి, లోపలి అంచుని తాకి, మళ్లీ బయటి అంచుకి వెళ్లడం. దీనివల్ల వంపు తగ్గుతుంది, వేగం మిగులుతుంది. కొత్తవాళ్లు చేసే తప్పు.. తొందరపడి లోపలి అంచుని ముందే తాకేయడం. మలుపులోకి వెళ్లేటప్పుడు అబ్బో ఎంత ఫాస్ట్‌గా వెళ్లాను అనిపిస్తుంది. బయటికి వచ్చేసరికి రోడ్డు అయిపోతుంది! ఓపికపట్టి కాస్త ఆలస్యంగా తిప్పినవాడు ముందే యాక్సిలరేటర్ మీద కాలు పెడతాడు. ఆ లాభం తర్వాత వచ్చే తిన్నటి దారంతా పనికొస్తుంది. మెల్లగా లోపలికి వెళ్లినవాడే వేగంగా బయటికొస్తాడన్నమాట.

టైమ్ షీట్ చూస్తే గాలి తీసేసినట్టే

మొదటి ప్రాక్టీస్ సెషన్ అయిపోతుంది. హెల్మెట్ తీసి దిగుతారు. ఒళ్లంతా చెమట, గుండె దడదడ. ఇంతకంటే ఫాస్ట్‌గా మనిషి అనేవాడు వెళ్లలేడు అనిపిస్తుంది. అప్పుడే గోడకి అంటించిన టైమ్ షీట్ కనిపిస్తుంది. అదే కారు, అదే ఇంజిన్, అవే టైర్లు. కానీ రెగ్యులర్‌గా పోటీ చేసే కుర్రాడు ల్యాప్‌కి ఎన్నో సెకన్లు ముందుంటాడు.

ఎక్కడ పోయింది ఆ టైమ్? ఒక్కచోట కాదు. చెన్నై లాంటి 12 మలుపుల ట్రాక్‌లో ఒక్కో మలుపు దగ్గర సెకనులో పదో వంతు పోగొట్టుకున్నారనుకుందాం. కంటిరెప్ప వేసినంత సేపు కూడా కాదు. ల్యాప్ అయ్యేసరికి 1.2 సెకన్లు. పది ల్యాపుల రేసులో 12 సెకన్లు. సగటున 120 కిలోమీటర్ల వేగం అనుకుంటే.. ముందున్న కారు 400 మీటర్ల దూరంలో ఉంటుంది. కనిపించను కూడా కనిపించదు!

కొత్తవాళ్లలో కొందరు ఆగిపోయేది ఇక్కడే. రెండో సెషన్‌లో ఆ సెకన్లన్నీ ఒకేసారి లాగేద్దామని ఇంకా ఆలస్యంగా బ్రేక్ వేస్తారు. స్పిన్ అవుతారు. కారు డ్యామేజ్ అవుతుంది. ఆ రోజుకి అంతే సంగతులు. ఇంకొందరు డేటా ముందేసుకుని కూర్చుంటారు. సీనియర్ ఎక్కడ బ్రేక్ వేశాడు, ఎక్కడ వదిలాడు, తాను ఎక్కడ భయపడ్డాడు.. ఒక్కో మలుపే సరిచేసుకుంటారు. మొదటి సీజన్‌లో ఎవరు నిలబడతారో తేల్చేది ధైర్యం కాదు, ఈ ఓపికే.

రేసు రోజు ఏం జరుగుతుంది?

పోటీలో దిగాలంటే ముందు దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ని నడిపించే సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే కాంపిటీషన్ లైసెన్స్ ఉండాలి. ఆర్టీఏ ఇచ్చే డ్రైవింగ్ లైసెన్స్ ఇక్కడ చాలదు. డాక్టర్ ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. కొత్తవాళ్లు ముందు ట్రైనింగ్ స్కూల్ చేసి రావాలి.

రేసు ముందు కారుని అణువణువూ చెక్ చేస్తారు. దీన్నే స్క్రూటినీ అంటారు. బెల్టులు, రోల్ కేజ్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, బ్రేకులు.. ఏది తేడాగా ఉన్నా ట్రాక్ మీదకి పంపరు. డ్రైవర్ హెల్మెట్, మంటలు అంటుకోని సూట్, గ్లవ్స్, షూస్ కూడా చూస్తారు. ఆ తర్వాత డ్రైవర్స్ బ్రీఫింగ్. దానికి డుమ్మా కొడితే ఫైన్ పడినట్టే.

ట్రాక్ మీద మాటలుండవు. అంతా జెండాల భాషే. కొత్తవాళ్లు వీటిని బట్టీ పట్టాల్సిందే.

- పసుపు జెండా: ముందు ప్రమాదం ఉంది. స్పీడ్ తగ్గించు, ఓవర్‌టేక్ చేయొద్దు.
- ఆకుపచ్చ: దారి క్లియర్.
- నీలం: వెనక నీకంటే ఫాస్ట్ కారు వస్తోంది, చూసుకో.
- పసుపు మీద ఎర్ర చారలు: ట్రాక్ జారుతోంది. ఆయిలో, నీళ్లో ఉన్నాయి.
- నలుపు మీద నారింజ రంగు గుండ్రం: నీ కారులో ఏదో పాడైంది, పిట్‌లోకి రా.
- నలుపు: తప్పు చేశావు, పిట్‌లోకి వచ్చి రిపోర్ట్ చెయ్.
- ఎరుపు: సెషన్ ఆపేశారు.
- నలుపు, తెలుపు గళ్లు: రేసు ముగిసింది.

వినడానికి ఈజీగానే ఉంటుంది. కానీ చుట్టూ పది, పదిహేను కార్లు మోతెక్కిస్తుంటే, ఎదురుగా మలుపు మీదకి వస్తుంటే, ట్రాక్ పక్కన ఎక్కడో ఊపే జెండా కంటికి ఆనడమే కష్టం. కొత్తవాళ్లకి ఎక్కువగా పడే పెనాల్టీల్లో పసుపు జెండా చూడకుండా ఓవర్‌టేక్ చేయడం ఒకటి. చూడలేదంటే కుదరదు. ఎందుకంటే ఆ జెండా వెనక ఓ మార్షల్ ట్రాక్ మీద నిలబడి ఉండొచ్చు. ఇరుక్కుపోయిన కారులోంచి ఎవరినో బయటికి లాగుతూ ఉండొచ్చు.

లైట్లు ఆరాయి.. ఇక దేవుడే దిక్కు!

ఫార్మేషన్ ల్యాప్ అయ్యాక కార్లన్నీ గ్రిడ్ మీద ఆగుతాయి. ఎర్ర లైట్లు వెలుగుతాయి. ఆ కొన్ని సెకన్లలో నోరు పిడచకట్టుకుపోతుంది. లైట్లు ఆరగానే రేసు స్టార్ట్. క్లచ్ తొందరగా వదిలితే చక్రాలు అక్కడే తిరుగుతాయి, లేదంటే ఇంజిన్ ఆగిపోతుంది. ఆగిపోయిందంటే వెనక నుంచి వచ్చే కార్లకి అడ్డంగా నిలబడినట్టే. చెయ్యెత్తి సైగ చేయడం తప్ప చేయగలిగింది లేదు.

మొదటి మలుపు అసలైన పరీక్ష. ప్రాక్టీస్‌లో నేర్చుకున్న లైన్ అక్కడ దొరకదు. ఎందుకంటే ఆ లైన్ మీద అప్పటికే మరో కారు ఉంటుంది. కుడివైపు ఒకడు, ఎడమవైపు ఇంకొకడు. అద్దంలో మరొకడు. బ్రేక్ ఎక్కడ వేయాలో గుర్తుపెట్టుకున్న బోర్డు ముందు కారు వెనకాల దాగిపోతుంది. ఇక్కడ ఒక్క స్థానం కోసం ఆశపడి దూరితే రేసు మొత్తం పోతుంది. అందుకే కొత్తవాళ్లకి సీనియర్లు చెప్పే మాట.. మొదటి మలుపులో ఎవరూ రేసు గెలవరు, ఓడిపోవడం మాత్రం చాలామంది ఓడిపోతారు.

తర్వాత వచ్చేది వేడి. ఏసీ ఉండదు. చెన్నై ఎండలో, మందపాటి సూట్ లోపల, ఇంజిన్ పక్కన కూర్చోవాలి. చెమట కళ్లలోకి కారుతుంటుంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. ఒళ్లు అలసిపోయేసరికి ముందు దెబ్బతినేది ఏకాగ్రత. చివరి రెండు, మూడు ల్యాపుల్లో తప్పులు ఎక్కువ జరిగేది అందుకే. నిమ్మళంగా ఊపిరి తీసుకోవడం కూడా ఇక్కడ నేర్చుకోవాల్సిన విద్యే.

మరి స్పిన్ అయితే? క్లచ్, బ్రేక్ రెండూ తొక్కిపట్టాలి. కారు ఆగాక కంగారుపడి ట్రాక్ మీదకి ఎక్కేయకూడదు. మార్షల్ సైగ చేసేదాకా ఆగాలి. పరువు పోయిందనే తొందరలో వెనక్కి చూడకుండా ఎక్కేవాళ్ల వల్లే చిన్న తప్పు పెద్ద ప్రమాదంగా మారుతుంది.

ఆట కాదు.. ప్రాణం!

ఇన్ని జాగ్రత్తలున్నా రేసింగ్‌లో రిస్క్ సున్నా కాదు. 2023 జనవరి 8న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో జరిగిన జాతీయ కార్ రేసింగ్ ఛాంపియన్‌షిప్‌లో 59 ఏళ్ల సీనియర్ రేసర్ ఒకరు ప్రాణాలు కోల్పోయారు. సెలూన్ కార్ల రేసులో ఆయన కారు మరో కారుకి తగిలింది. ట్రాక్ దాటి ఫెన్సింగ్‌ని గుద్దుకుని తలకిందులైంది. వెంటనే రెడ్ ఫ్లాగ్ చూపించి రేసు ఆపేశారు. ఆయన్ని బయటికి తీసి ఆస్పత్రికి తరలించినా ఫలితం లేకపోయింది. ఆ రోజు మిగతా రేసులన్నీ రద్దు చేశారు. ఆయన కొత్తవాడు కాదు. ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్నవాడు. అనుభవం ప్రమాదాన్ని తగ్గిస్తుందే కానీ తుడిచిపెట్టదు.

అదే సమయంలో దుబాయ్‌లో అంత పెద్ద దెబ్బ తగిలినా అజిత్ నడుచుకుంటూ ఎలా రాగలిగారో కూడా చూడాలి. ఉక్కు గొట్టాలతో కట్టిన రోల్ కేజ్ నలగదు. భుజాలు, నడుము, తొడల దగ్గర కట్టే బెల్టులు మనిషిని సీటుకి అతుక్కుపోయేలా పట్టుకుంటాయి. భుజాల మీద పెట్టుకునే 'హాన్స్' అనే పరికరం హెల్మెట్‌ని పట్టి ఉంచుతుంది. కారు ఒక్కసారిగా ఆగినప్పుడు తల ముందుకి విసురుకుపోయి మెడ దగ్గర ఎముక విరగకుండా కాపాడేది ఇదే. ఫార్ములా వన్‌లో 2003 నుంచి దీన్ని తప్పనిసరి చేశారు. ట్రాక్ పక్కన ఖాళీ స్థలం, బ్యారియర్లు, అంబులెన్స్, మార్షల్స్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. ఇవన్నీ ఒకప్పటి ప్రమాదాలు నేర్పిన పాఠాలే.

మరి ఖర్చు సంగతేంటి?

రేసింగ్ డబ్బున్నోళ్ల ఆట అనే మాటలో నిజం లేకపోలేదు. ఎంట్రీ ఫీజు, కారు అద్దె, టైర్లు, మెకానిక్, ప్రయాణం, బస.. అన్నీ జేబులోంచే. అసలు భయం వేరే ఉంది. కారు గుద్దితే రిపేర్ బిల్లు డ్రైవర్ నెత్తినే పడుతుంది. మామూలు కారు ఇన్సూరెన్స్ రేసులకి వర్తించదు. అందుకే కొత్తవాళ్లు మలుపు దగ్గర భయపడేది గోడకి మాత్రమే కాదు, బిల్లుకి కూడా!

దీనికి కొంత విరుగుడు ఒకే రకం కార్లతో జరిగే సిరీస్‌లు. అందరికీ ఒకే ఇంజిన్, ఒకే టైరు. మారుతి ఇంజిన్‌తో నడిచే ఎల్‌జీబీ ఫార్ములా 4 ఇలాంటిదే. ఎవరి దగ్గర ఎక్కువ డబ్బుందనే దాని కంటే ఎవరు బాగా నడుపుతారనేది ఇక్కడ ముఖ్యం. ఇంకా తక్కువలో మొదలుపెట్టాలంటే గో-కార్టింగ్ ఉండనే ఉంది. ఫార్ములా వన్ ఛాంపియన్లు కూడా బుడిబుడి వయసులో అక్కడే మొదలుపెట్టారు.

రోడ్డు.. ట్రాక్ కాదు గురూ!

తెలుగు కుర్రాళ్లలో రేసింగ్ మీద ఇష్టం పెరిగిందనడంలో డౌట్ లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు నగరమంతా దాని గురించే మాట్లాడుకుంది. 2.8 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచారు. అదే ఏడాది హీరో నాగచైతన్య ఇండియన్ రేసింగ్ లీగ్‌లోని హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ టీమ్‌ని కొన్నారు.

కానీ ఆ ఇష్టం అర్ధరాత్రి ఓఆర్ఆర్ మీద, కేబుల్ బ్రిడ్జి మీద రేసులుగా మారితేనే అసలు సమస్య. ఒక్కసారి ఆలోచించండి. ఫార్ములా ఈ కోసం నగరంలో మామూలుగా జనం తిరిగే రోడ్డునే ట్రాక్‌గా మార్చారు. కానీ దానికి ముందు ఏం చేశారు? ట్రాఫిక్ ఆపేశారు. రెండు వైపులా కాంక్రీట్ గోడలు, వాటి మీద కంచెలు కట్టారు. మార్షల్స్‌ని, డాక్టర్లని, ఫైర్ సిబ్బందిని పెట్టారు. ప్రపంచస్థాయి డ్రైవర్లకే అన్ని జాగ్రత్తలు అవసరమైతే.. హెల్మెట్, రోల్ కేజ్ ఏవీ లేకుండా, ఎదురుగా లారీ ఆగి ఉందో లేదో తెలియకుండా 150లో వెళ్లేవాళ్ల పరిస్థితేంటి?

లెక్క చూస్తే గుండె ఆగుతుంది. పొడి రోడ్డు, మంచి టైర్లు అనుకుంటే.. 60 కిలోమీటర్ల వేగంలో బ్రేక్ తొక్కాక కారు ఆగడానికి దాదాపు 16 మీటర్లు చాలు. 120లో ఎంత? రెట్టింపు కాదు, నాలుగింతలు! అంటే దాదాపు 63 మీటర్లు. ప్రమాదాన్ని చూసి బ్రేక్ మీద కాలు పెట్టడానికి పట్టే ఒక్క సెకనులోనే ఇంకో 33 మీటర్లు వెళ్లిపోతాం. మొత్తం 96 మీటర్లు. రాత్రిపూట హెడ్‌లైట్ వెలుతురులో అంత దూరంలో ఉన్నది ఏమిటో కనిపిస్తుందా?

చట్టం సంగతి సరేసరి. మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతించకుండా పబ్లిక్ రోడ్డు మీద రేసులు పెట్టుకోవడం నేరం. మొదటిసారి దొరికితే 3 నెలల వరకు జైలు, లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు, రూ.10 వేల వరకు జరిమానా పడొచ్చు.

ఎలా మొదలుపెట్టాలి?

నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లు ముందు గో-కార్టింగ్ ట్రాక్‌కి వెళ్లాలి. ఒక్కసారి సరదాగా కాదు, స్టాప్‌వాచ్ పెట్టుకుని వరుసగా కొన్ని వారాలు. టైమ్ తగ్గుతోందా లేదా అన్నదే ముఖ్యం. ఆ తర్వాత చెన్నైలోనో, కోయంబత్తూరులోనో రేసింగ్ స్కూల్. లైసెన్స్ వచ్చాక ఒకే రకం కార్లుండే ఎంట్రీ లెవెల్ సిరీస్. మొదటి సీజన్ టార్గెట్ ట్రోఫీ కాకూడదు. ప్రతి రేసూ పూర్తి చేయడం, కారుని ఎక్కడా గుద్దకుండా తిరిగి తీసుకురావడం, ప్రతిసారీ తన పాత టైమ్‌ని తానే కొట్టడం. ఈ మూడూ జరిగితే అదే పెద్ద గెలుపు.

ట్రాక్ మీద కొంతకాలం నడిపినవాళ్లలో చాలామందిలో ఓ వింత మార్పు కనిపిస్తుంది. రోడ్డు మీద వాళ్లు నెమ్మదిస్తారు! టైరు పట్టు ఎంతో, బ్రేక్ దూరం ఎంతో ఒకసారి ఒంటికి తెలిశాక.. ముందు కారుకి మూడడుగుల దూరంలో 100లో వెళ్లేవాడిని చూస్తే వాళ్లకే భయమేస్తుంది. స్పీడ్ మీద ఉన్న మోజంతా ట్రాక్ మీదే తీరిపోతుంది. ఇంటికి వెళ్లే దారిలో ఎవరితోనూ పోటీ పడాల్సిన అవసరం ఉండదు.

2002లో మారుతి ఇంజిన్ కారులో నాలుగో స్థానం. మరుసటి ఏడాది టీనేజర్ల మధ్య 12వ స్థానం. 2025లో దుబాయ్‌లో ఆయన టీమ్‌కి పోడియం. అజిత్ ప్రయాణం చెప్పేది ఇదే. ట్రాక్ ఎవరినీ ఒక్కరోజులో రేసర్‌ని చేయదు. ముందు ఎక్కడ ఆగాలో నేర్పుతుంది.. ఆ తర్వాతే ఎంత వేగంగా వెళ్లొచ్చో చూపిస్తుంది.